అడ్డాకు డొప్పలోంచి కాఫీ పూలు

పాసయ్యాను! బీఏ పాసయ్యాను! మూడేళ్ళ చదువుకి ఐదేళ్ళు పట్టింది, ఇంగ్లీషు రెండుసార్లు తన్నింది, అయినా పాసయ్యాను. పొద్దున్న పదింటికి ఫలితాలొచ్చాయి. ఫోన్లో హాల్ టికెట్ నంబరు కొట్టాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొట్టాను. మూడోసారి కూడా అదే మాట కనపడ్డాక అప్పుడు కూర్చున్నాను. మా అమ్మ వైపు, మా నాన్న వైపు, నా మొగుడి వైపు, ఎంత వెతికినా డిగ్రీ చదివిన మనిషి ఒక్కరు లేరు. మొదటిదాన్ని నేనే. నాకు యాభై తొమ్మిదేళ్ళు.

స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. పోతే పోనీ.

ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. మొదటి పేరు రాయగానే చెయ్యి ఆగిపోయింది. ఆ మనిషి లేకపోతే ఈ డిగ్రీ లేదు. ఆయన సంగతి చెప్పకుండా నా సంగతి చెప్పుకుంటే బాగుండదు. కాబట్టి ఫోన్లు కాసేపు ఆగుతాయి. కెమెరా అంటే ఫోన్లో ఉండేదే అనుకునే వయసులో ఉన్న మీరు కూడా కాసేపు ఆగండి.

మాది డుంబ్రిగుడ దగ్గర చిన్న ఊరు. హాస్టల్లో ఉండి పదో తరగతి అయ్యాక చదువు ఆగింది. అరకులో ఒక ఫొటో స్టూడియోలో పనికి చేరి ముప్పై ఏళ్ళు చేసి, పోయిన ఏడాది మానేశాను. ముందు ఊడవడం, తర్వాత ప్రింట్లు ఆరబెట్టడం, ఆ తర్వాత పెళ్ళి ఆల్బంలు కత్తిరించి అతికించడం. నల్ల అట్ట మీద గుండ్రం, కోడిగుడ్డు ఆకారం, లవ్ గుర్తు, ఏది చెబితే అది, గీత గియ్యకుండా బ్లేడుతో కోసేదాన్ని. కెమెరా మాత్రం నా చేతికి రాలేదు. అది మా కెమెరామాన్ గురువుగారి చేతిలో ఉండేది; కాగితం మీద మొదటి పేరు ఆయనదే.

గురువుగారిది విజయనగరం వైపు. పెళ్ళాం పిల్లల్ని అక్కడే ఉంచి, కొండ మీద ఒక్కరే గది తీసుకుని ఉండేవారు. ఎప్పుడూ మెడలో ఒక తువ్వాలు. మాట తక్కువ, తీసే ఫొటోలు ఎక్కువ. ఏ ప్రింటు తీసుకెళ్ళి చూపించినా ఒకటే ప్రశ్న: "కన్ను షార్పుగా ఉందేటి చెల్లీ?" పెళ్ళికూతురి నగలు, మండపం, పూలు ఆయనకి పట్టవు. కన్ను షార్పుగా ఉంటే ఫొటో ఉన్నట్టు, లేకపోతే చెత్తబుట్ట.

లెన్సు మూతల గొడవ ఎలా మొదలైందో చెబుతాను. మీ ఫోన్లో ఒక బటన్ నొక్కితే మనిషి వెనకదంతా మెత్తగా మసకేసిపోతుంది కదా. మాకు అది లెన్సుతోనే రావాలి. లెన్సు పూర్తిగా తెరిచి, మనిషిని దగ్గర కూర్చోబెట్టి, దూరంగా సీరియల్ బల్బులు గానీ, ఆకుల సందుల్లో ఎండ గానీ ఉంటే, ఆ వెలుతురు చుక్కలన్నీ గుండ్రటి బిళ్ళలవుతాయి. అదే లెన్సు ముందు నల్ల అట్టతో మూత పెట్టి, ఆ మూత మధ్యలో రూపాయి బిళ్ళలో పట్టేంత బొమ్మ కోశామనుకోండి, వెనక బిళ్ళలన్నీ ఆ బొమ్మలైపోతాయి. చుక్క కోస్తే చుక్కలు, ఆకు కోస్తే ఆకులు.

ఇది మాకు ఎవరూ నేర్పలేదు. వైజాగ్ నుంచి పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకోడానికి వచ్చిన జంట ఒకటి, "వెనకాల లైట్లన్నీ లవ్ గుర్తుల్లా రావాలండీ" అని ఫోన్లో ఎవరిదో ఫొటో చూపించింది. గురువుగారు దాన్ని చాలాసేపు చూసి, నా బల్ల మీద ఉన్న అట్ట ముక్కలు చూసి, "చెల్లీ, లెన్సుకి ఒక టోపీ కుట్టగలవేటి?" అన్నారు. కుట్టాను. సాయంత్రం వాళ్ళని స్టూడియో పెరట్లో నిలబెట్టి తీశారు. గుర్తులు బ్రహ్మాండంగా వచ్చాయి, కాకపోతే నేను మూత తలకిందులుగా తొడిగాను. పెళ్ళికొడుకు చూసి, "ఏటండీ, మా వెనకాల ఇన్ని ఇస్పేటు ఆసులున్నాయి? పెళ్ళా, పేకాటా?" అన్నాడు. గురువుగారు నవ్వగా చూడటం నాకు అదే మొదలు. మూత తిప్పి పెట్టి మళ్ళీ తీశారు. కెమెరా నిలువుగా పట్టినప్పుడు మూతని కూడా పావు వంతు తిప్పాలని, లేకపోతే గుర్తులు పడుకుంటాయని ఆ సాయంత్రమే నేర్చుకున్నాం.

అక్కడి నుంచి మా స్టూడియో మూతలకి పేరొచ్చింది. చంద్రవంకలు, పిట్టలు, చేపలు. కోసేది నేను, తీసేది ఆయన. "ఈవిడ చేతిలో బ్లేడు కాదు, పెన్సిలుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

ఎనిమిదేళ్ళ కిందట పెళ్ళి ఫొటోలు కత్తిరిస్తుంటే నాకు తేడా కనపడింది. ముక్కు షార్పుగా ఉంటుంది, కన్ను మసక. చెవి పోగు మెరుస్తుంది, కన్ను మసక. ఆల్బం చేసేదాన్ని నేను కాబట్టి అందరికన్నా ముందు నాకే తెలిసింది. మసకగా ఉన్నవి చిన్న సైజులో మూలలకి పెట్టేదాన్ని. కొన్నాళ్ళు అలా దాచాను. కానీ రెండు పెళ్ళిళ్ళవాళ్ళు వరసగా వచ్చి కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకున్నారు.

మా ఓనరు బాబు కింద మైదానం నుంచి వచ్చిన షావుకారు కొడుకు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. గురువుగారికి చెప్పలేక నాకు చెప్పాడు. "అక్కా, వైజాగ్‌లో ఒక కెమెరామాన్‌ని చూశాను. మాస్టారి పని అయిపోయింది. ఆ కాఫీ ఫొటో ఒక్కటి చూస్తాను. అదీ ఇలాగే వస్తే వచ్చే నెల నుంచి ఆయన్ని ఇంటికి పంపేస్తాను."

కాఫీ ఫొటో అంటే, మా ఊరి ఆడవాళ్ళు సంఘం పెట్టి, తమ కాఫీని వైజాగ్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో అమ్మడానికి దుకాణం తీసుకున్నారు. దుకాణం మీద పెద్ద బోర్డు. ఆ బోర్డు మీద మా పెద్దమ్మ ఫొటో ఉండాలన్నారు. వరసకి పెద్దమ్మ, ఊళ్ళో మొదట కాఫీ మొక్క నాటిన మనిషి. కాఫీ పూసిన రోజున, తోటలో కూర్చోబెట్టి తియ్యాలి. కాఫీ పువ్వు చెట్టు మీద తెల్లగా ఉండేది మూడు రోజులు, ఆ తర్వాత ఎర్రబారి రాలిపోతుంది. వానజల్లు పడిన తొమ్మిదో రోజున ఊరి నుంచి కబురు వచ్చింది. "పూసేసినాది, బేగి రండి."

ఈసారి గొప్ప మూత చెయ్యాలనుకున్నాను. గురువుగారి ఉద్యోగం దాని మీదే ఉంది అన్నట్టు కూర్చున్నాను. నాలుగు అట్టలు పాడుచేసి, చీర అంచుల మీద ఉంటుందే, మామిడి పిందె, ఆ బొమ్మ కోశాను. నా జన్మలో అంత బాగా ఏదీ కొయ్యలేదు.

పొద్దున్నే తోటకి వెళ్ళాం. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నుంచి ఎండ ముక్కలు ముక్కలుగా దిగుతోంది. కింద కాఫీ మొక్కల మీద మంచు కురిసినట్టు పూలు, ఊరంతా వాసన. పెద్దమ్మ ముక్కుకి మూడు నత్తులూ పెట్టుకుని, కొత్త చీర కట్టుకుని రాయి మీద కూర్చుంది.

"ఏటే గుంటా, పెద్దమ్మని సూడ్డానికి ఒట్టి సేతుల్తో రాలేవేటి? కెమెరా తెస్తే గానీ రావా?"

"వస్తాను కదా పెద్దమ్మా, పండక్కి రాలేదూ?"

"వచ్చినావు. తిన్నావు. బస్సు టైమైపోనాదని ఎల్లిపోనావు."

సంఘం ఆడవాళ్ళు పకపకా నవ్వారు. గురువుగారు మూత తొడిగి నాలుగైదు తీశారు. కెమెరా వెనక ఉండే చిన్న తెర మీద చూస్తే, పెద్దమ్మ తల వెనక ఎండ చుక్కలన్నీ మామిడి పిందెలై గుత్తులుగా వేలాడుతున్నాయి. ఎంత ముచ్చటగా ఉందో! ఫొటో పెద్దది చేసి చూశాను. కన్ను మసక. షార్పుగా ఉన్నది చెవి పక్కన ఆకు. ముందు పిందెలు చూపిద్దామని పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇవేటే?"

"మామిడి పిందెలు. నేనే కోశాను. బాగున్నాయా?"

నవ్వులన్నీ ఆగిపోయాయి.

"మామిడి కొత్త అయిందేటే?"

మా కొండ జనంలో మామిడి కొత్త పండుగ చేసి, దేవతకి పెట్టేదాకా కొత్త కాయ ఎవరూ నోట పెట్టరు. చిన్నప్పుడు చెట్టు కింద కాయ దొరికినా ముట్టుకునేవాళ్ళం కాదు. అరకులో తోపుడుబండి మీద ఉప్పూ కారం జల్లి నెల ముందు నుంచే అమ్ముతారు. నేను అక్కడ తిని తిని, ఊళ్ళో ఆ పండుగ ఒకటుందనే మర్చిపోయాను. బయటివాళ్ళు ఈ తప్పు చేస్తే తెలియక చేశారంటారు. నేను చేశాను.

"దేవత తినకుండా నా నెత్తి మీద ఇన్ని కాయలు ఏలాడదీసినావు. ఆ బోర్డు సూసినోళ్ళు ఏటనుకుంటారు? ముసిల్దానికి ఆత్రం ఆగలేదు అనుకోరేటి?" అంటూ లేచి, లెన్సు మీద మూత చటుక్కున పీకి, పక్కనే అంబలి కుండ కింద మండుతున్న పొయ్యిలో పడేసింది. "కొత్త అయినాక రండి."

కొత్త ఎప్పుడో ఊరి పూజారి ఇంకా చెప్పలేదు. ఎంత తొందరగా అన్నా మూడు వారాలు. పువ్వుకి రెండు రోజులు.

గురువుగారు రాయి మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "పోనీలే చెల్లీ" అన్నారు. ఓనరు బాబు నాతో అన్న మాట ఆయనకి తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. లేకపోతే పూలున్న రోజున పోనీలే అనే మనిషి కాదు.

నేను పెద్దమ్మ వెనకాలే వెళ్ళాను. "తప్పయింది పెద్దమ్మా. వేరే బొమ్మ కోస్తాను. కాఫీ పువ్వు కోస్తాను. కాఫీకి కొత్త లేదు కదా?"

ఆవిడ ఆగింది. కోపం తగ్గలేదు గానీ నవ్వు వచ్చేసింది. "కాఫీకి కొత్తేటే, ఎర్రిదానా! అది నా కళ్ళ ముందొచ్చిన మొక్క. మన దేవత ఎప్పుడైనా కాఫీ తాగినాదేటి?"

ఆ మాటతో మళ్ళీ అందరూ నవ్వారు. కానీ కొయ్యడానికి అట్ట ఏదీ? ఉన్నది పొయ్యిలో బూడిదైంది. అరకు వెళ్ళి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది, ఆకుల సందుల్లో ఆ మెరుపు ఉండదు.

"మూతే కదా కావాలి?" అంది పెద్దమ్మ. లెన్సు మీద అరచెయ్యి పెట్టి కొలత చూసుకుంది. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు నాలుగు తీసి, ఒకదాని మీద ఒకటి వేసి, ఈనె పుల్లలు గుచ్చి, కూర పోసుకునే డొప్ప ఒకటి కుట్టింది. లెన్సుకి తొడిగితే కొలిచి చేసినట్టు దిగిపోయింది.

గురువుగారు లేచి వచ్చారు. డొప్పని ఎండకి పట్టి చూసి, "ఆకులోంచి వెలుతురు దూరుతోందమ్మా. పచ్చగా పడుతుంది" అన్నారు.

పెద్దమ్మ కుండ అడుగున వేళ్ళు రాసి, ఆ మసి డొప్ప మీద దట్టంగా పులిమింది. గురువుగారు గావుకేక పెట్టారు. "అద్దం! అమ్మా, అద్దం! మసి లోపలికి పోతే..."

"అరవకు బాబూ. నీ అద్దాన్ని నేనేటీ కూరొండను. పై వైపే రాసినాను, సూడు."

నేను బ్లేడు పెట్టాను. ఆకు ఈనె వెంబడి చర్రున చిరిగింది. ఇంకో డొప్ప. అదీ చిరిగింది. నా ఇరవై ఏళ్ళ చేతిపని ఆకు మీద పనికిరాలేదు. పెద్దమ్మ నన్ను పక్కకి తోసి, ఒక మేకు పొయ్యిలో ఎర్రగా కాల్చింది. సొరకాయ బుర్రలకి చిల్లులు పెట్టే పద్ధతి. పక్కనున్న కాఫీ పువ్వొకటి కోసి ఎదురుగా పెట్టుకుని, రేకలు లెక్కపెట్టి, మూడో డొప్ప మధ్యలో ఐదు చిల్లులు గుండ్రంగా, ఒకదానికొకటి ఆనుకునేలా కాల్చింది. కాలిన అంచు గట్టిపడి చిరగలేదు. మొత్తం రూపాయి బిళ్ళలో పట్టింది. ఇంత ఉండాలని నేను చెప్పనేలేదు.

గురువుగారు కెమెరా కంటికి పెట్టారు. అంత చిన్న చిల్లుల్లోంచి లోపల చీకటిగా కనపడుతుంది, ఆటో ఫోకస్ పట్టుకోదు. లెన్సు గిర్రుమని ముందుకీ వెనక్కీ తిరుగుతోంది. చేత్తో తిప్పే ఫోకస్‌కి మార్చారు. తిప్పారు. దించి, కన్ను తుడుచుకుని, మళ్ళీ పెట్టి తిప్పారు. మేమందరం చూస్తూ నిలబడ్డాం. ఆయన కెమెరా దించి నా వైపు చాపారు.

"చెల్లీ, నువ్వు పట్టు."

"నేనా?"

"ఆవిడ కన్ను కనపడుతోందా?"

పెట్టి చూశాను. రింగు మెల్లగా తిప్పితే మసకలోంచి పెద్దమ్మ కన్ను లేచి వచ్చింది. "రెప్ప వెంట్రుకలు కూడా కనపడుతున్నాయి గురువుగారూ."

"నాకు ఆర్నెల్లుగా కనపడటం లేదమ్మా" అన్నారు, మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా.

తర్వాత ఆయన నా భుజం పక్కన నిలబడి చేసిన పనిని ఎంత చెప్పినా తక్కువే. నన్ను రెండడుగులు వెనక్కి జరిపారు, పెద్దమ్మ గడ్డం కాస్త పక్కకి తిప్పించారు. గాలికి కొమ్మలు ఊగుతుంటే "ఆగు, ఆగు" అన్నారు. కనపడని కంటితో వెలుతురంతా చూస్తున్నాడు ఆ మనిషి. గాలి ఆగగానే చాలా మర్యాదగా అడిగారు: "అమ్మా, మీ దేవత కాఫీ తాగితే పంచదారతోనా, బెల్లంతోనా?"

పెద్దమ్మ పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. నొక్కాను.

ఆ ఫొటో చూస్తే మీకే తెలుస్తుంది. ముందు ఆవిడ, మూడు నత్తులు, కంట్లో నవ్వు. వెనక చెట్ల మీంచి ఐదేసి చుక్కల వెలుతురు పూలు జలజలా రాలుతున్నాయి. అంచుల్లో కాస్త చీకటి, డొప్ప మహిమ. ఆవిడే చూసుకుని, "ఇది బాగున్నాది. దీనికి దేవత ఏటీ అనదు" అంది.

మర్నాడు ఓనరు బాబు కంప్యూటర్లో ఫొటో తెరిచాడు. కన్ను పెద్దది చేసి చూశాడు. తర్వాత లేచి గురువుగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. "క్షమించండి మాస్టారూ. మీ చెయ్యి ఎక్కడికీ పోలేదు. మీరుండగా నాకు వైజాగ్ మనిషెందుకు?"

నేను దారిలోనే నిశ్చయించుకున్నాను, నోరు విప్పకూడదని. ఆయన కూడా ఊరుకుంటే సరిపోయేది. మూతలు నేను కోస్తాను, ఫోకస్ నేను చూస్తాను, పేరు ఆయనది. ఇంకో నాలుగేళ్ళు నడిచిపోయేది.

గురువుగారు చేతులు విడిపించుకున్నారు. "చెయ్యి నాది కాదు బాబూ. తీసింది ఆవిడ. మూత చేసింది ఆవిడ పెద్దమ్మ. నాకు ఫోకస్ కనపడి ఆర్నెల్లయింది. ఇంతకాలం చెప్పకపోవడం నా తప్పు. కెమెరా ఆవిడకివ్వు."

ఆ నెలాఖరుకి సామాను సర్దుకున్నారు. బస్సు దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. "ఎందుకు చెప్పారు గురువుగారూ?" అన్నాను.

"కనపడకుండా కనపడినట్టు నటించడం ఎంత కష్టమో నీకు తెలీదు చెల్లీ" అన్నారు. మళ్ళీ ఆయనే అన్నారు, "కాదులే, నీకు తెలుసు. కొరియర్ కాగితాలు, కెమెరా పుస్తకం, ఇంగ్లీషులో ఉన్నవన్నీ చదివినట్టు తలూపి, తర్వాత ఎవరినో పిలిచి చదివించుకుంటావు. పదేళ్ళ నుంచి సూస్తన్నాను. నా కళ్ళకి ఆపరేషన్ చేసినా చూపు ఎంత వస్తుందో డాక్టర్ చెప్పలేనన్నాడు. నీదలా కాదు కదా. చదువుకో."

ఆ ఏడాదే ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టాను. ఆ తర్వాత బీఏ. పగలు ఫొటోలు, సెలవు రోజు క్లాసులు. ఇంగ్లీషు పేపర్ పోయినప్పుడల్లా, చిరిగిపోయిన డొప్పలు గుర్తు తెచ్చుకునేదాన్ని. మూడో డొప్ప నిలబడింది. మూడోసారి నేనూ నిలబడ్డాను.

ఇదీ సంగతి. ఇప్పుడు ఫోన్లు.

మా పెద్దక్క, ముంచింగిపుట్టు. ఇవాళ అక్కడ సంత, సాయంత్రం గానీ ఎత్తదు. ఎత్తగానే సంతంతా వినపడేలా అరుస్తుంది.

మా తమ్ముడు, డొంకరాయి పవర్‌హౌస్. డ్యూటీలో ఉంటాడు, భోజనాల వేళ చెయ్యాలి.

స్టడీ సెంటర్లో ఇంగ్లీషు మేడం. నాకన్నా ఆవిడే ఎక్కువ భయపడింది.

ఓనరు బాబు. ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. "అక్కా, పార్టీ!" అంటాడు.

పెద్దమ్మ. ఊళ్ళో సిగ్నల్ లేదు. డుంబ్రిగుడ వచ్చే ఆశా వర్కర్‌కి చెబితే ఇంటికి వెళ్ళి చెబుతుంది. బీఏ అంటే ఏటని అడుగుతుంది. పదో తరగతి తర్వాత ఇంకో ఐదు తరగతులని చెప్పమనాలి.

గురువుగారు. ఆపరేషన్ తర్వాత మనుషుల్ని పోల్చుకుంటున్నారు గానీ అక్షరాలు కనపడవు, మెసేజ్ పెట్టకూడదు, ఫోనే చెయ్యాలి. పేరు అన్నిటికన్నా ముందు రాసి, అన్నిటికన్నా చివరికి ఉంచుకున్నాను, తీరిగ్గా మాట్లాడాలని. రిజల్ట్ ఎవరు చదివి చెప్పారని అడుగుతారు, నాకు తెలుసు. ఎవరూ చదవలేదు గురువుగారూ, మొత్తం ఇంగ్లీషులోనే ఉంది, నేనే చదువుకున్నాను అని చెప్పాలి.